ఎవరి ఎద్దు, ఎవరి గాడిద: బైబిలు నాయకుల వినయానికీ యథార్థతకూ ఒక కొలబద్ద

గోధుమ కోతల రోజులు. గిల్గాలులో ఇశ్రాయేలీయులు గుమిగూడారు. సౌలును రాజుగా నిలబెట్టుకున్న సంబరం ఇంకా ముగియలేదు. ఇంతకాలం తీర్పులు చెప్పిన సమూయేలు తల నెరిసిపోయింది, పదవి చేతులు మారుతోంది. మన దగ్గరైతే ఇలాంటి సభలో శాలువా కప్పుతారు, సన్మానపత్రం చదువుతారు, వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి పెద్దాయన గొప్పతనం గురించి మాట్లాడతారు. సమూయేలు మొదటి గ్రంథం 12వ అధ్యాయంలో జరిగింది వేరు. దిగిపోతున్న మనిషి తనను తానే బోనులో నిలబెట్టుకున్నాడు. తాను ఎవరి ఎద్దునైనా పట్టుకుపోయాడా, ఎవరి గాడిదనైనా తోలుకుపోయాడా, ఎవరినైనా మోసగించాడా, నలిపేశాడా, ఎవరి చేతినుంచైనా లంచం పుచ్చుకున్నాడా చెప్పమన్నాడు. ఉంటే తిరిగి ఇచ్చేస్తానన్నాడు. కొత్త రాజు పక్కనే నిలబడి వింటున్నాడు.

బైబిలు నాయకత్వం మీద తెలుగులో వచ్చే ప్రసంగాలూ రచనలూ వినయాన్ని సాధారణంగా స్వభావంగా చూస్తాయి. మెత్తగా మాట్లాడటం, వెనక వరసలో కూర్చోవడం, తనను తాను తక్కువ చేసుకోవడం. మన సంఘాల్లో దీనికి ‘తగ్గింపు’ అనే చక్కని మాట ఉంది. యథార్థతను మరో గుణంగా, పక్కన ఇంకో శీర్షిక కింద పెడతారు. ఈ వ్యాసం వాదన ఏమిటంటే, బైబిలు కథనాల్లో ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి. ఏలబడినవారి ముందు నిలబడి, వారు అడిగే లెక్కకు జవాబు చెప్పడానికి ఒప్పుకోవడమే నాయకుడి వినయం. ఆ లెక్క సరిపోవడమే యథార్థత. అయితే ఆ లెక్కలో నాయకుడి చెయ్యి ఒక్కటే లేదు. అతని పక్కనున్న చేతులు కూడా ఉన్నాయి. గిల్గాలులో సమూయేలు మొదటి ప్రశ్నే అడిగాడు. రెండో ప్రశ్న చాలాకాలం మిగిలిపోయింది.

ఇక్కడ చేస్తున్నది చరిత్ర పునర్నిర్మాణం కాదు. కథనాలు ఇప్పుడున్న రూపంలో ఏ మాటలను ఎక్కడ వాడుతున్నాయో గమనించే పఠనం ఇది. హీబ్రూ మూలం, ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటు, మన తెలుగు అనువాదం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

షిలోహు కొంకి

సమూయేలు ప్రశ్నలో మూడుసార్లు వచ్చే హీబ్రూ క్రియ ‘లాకఖ్’. అర్థం సాదాసీదా: తీసుకోవడం. ఎద్దు దగ్గర ఒకసారి, గాడిద దగ్గర ఒకసారి, లంచం దగ్గర ఒకసారి. జనం ఇచ్చిన జవాబులోనూ అదే క్రియ: ఎవరి చేతినుంచీ ఏమీ తీసుకోలేదు. ఇంత మామూలు క్రియకు ప్రత్యేకత ఆపాదించడం అతి అనిపించవచ్చు. కానీ ఈ గ్రంథంలో అది ఎక్కడ మొదలై ఎక్కడెక్కడ తేలుతుందో చూస్తే, రచయిత కావాలనే దాన్ని పట్టుకుని నడిచాడని నాకు అనిపిస్తుంది.

దాని జాడ షిలోహు ఆలయంలో మొదలవుతుంది. ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకులు. ఎవరైనా బలి అర్పించి మాంసం ఉడుకుతుండగా యాజకుడి పనివాడు మూడు ముళ్ల కొంకి పట్టుకుని వచ్చి కుండలోనో బానలోనో గుచ్చేవాడు. కొంకికి ఏది తగులుకుంటే అది యాజకుడిది. కొన్నాళ్లకు అదీ చాలలేదు. కొవ్వు దహించకముందే పచ్చిమాంసం కావాలన్నారు. ముందు దేవుని భాగం కానివ్వు, తర్వాత నీకు కావలసింది పట్టుకుపో అని భక్తుడు బతిమాలితే, ఇప్పుడే ఇవ్వకపోతే బలవంతంగా తీసుకుంటానన్నాడు పనివాడు. క్రియ అదే, ‘లాకఖ్’. ఆ గుడిలో నారతో నేసిన ఏఫోదు కట్టుకుని తిరిగే పసివాడు సమూయేలు. వీడ్కోలు నాడు అతను పలికిన ప్రశ్న వెనక చిన్నప్పుడు చూసిన ఆ కొంకి ఉందనుకోవడం కష్టమేమీ కాదు.

తర్వాత 8వ అధ్యాయం. జనం రాజు కావాలన్నప్పుడు సమూయేలు రాజు పద్ధతి ఎలా ఉంటుందో ముందే చెప్పాడు. మీ కొడుకులను తీసుకుంటాడు, మీ కూతుళ్లను తీసుకుంటాడు, పొలాలూ ద్రాక్షతోటలూ ఒలీవతోటలూ తీసుకుంటాడు, దాసదాసీలనూ గాడిదలనూ తీసుకుంటాడు. నాలుగుసార్లు అదే క్రియ. గాడిదల పక్కన హీబ్రూ ప్రతిలో పడుచువాళ్లు ఉంటే, గ్రీకు ప్రతిలో పశువులు ఉన్నాయి. గ్రీకు పాఠాన్ని తీసుకుంటే గిల్గాలు ప్రశ్నలోని ఎద్దు, గాడిద రెండూ ఇక్కడ ముందే కనిపిస్తాయి. అంటే 12వ అధ్యాయం కేవలం ఒక వృద్ధుడి ఆత్మసమర్థన కాదు. రాబోయే పాలకుడు ఏం చేస్తాడో చెప్పిన జాబితా పక్కన, వెళ్లిపోయే పాలకుడు ఏం చేయలేదో చెప్పే జాబితా.

గ్రీకు పాఠం మరో వింత కూడా చూపిస్తుంది. హీబ్రూ ప్రతి ప్రకారం సమూయేలు తన కళ్లకు గంతలు కట్టే లంచం గురించి అడుగుతాడు. సెప్టువజింటులో అతను అడిగేది లంచం గురించీ, చెప్పుల గురించీ. హీబ్రూలో ‘కళ్లు మూసుకోవడం’ అనే మాటకూ ‘చెప్పుల జత’ అనే మాటకూ అక్షరాల్లో తేడా బహు కొద్ది. నకలు రాసేవాడి చూపు ఎటు జారిందో తేల్చడం పాఠపరిష్కర్తల పని. క్రీ.పూ. రెండో శతాబ్ది ఆరంభంలో రాసిన సీరా జ్ఞానగ్రంథానికి మాత్రం చెప్పుల పాఠం తెలుసు. సమూయేలును స్తుతిస్తూ అతను ఎవరి చెప్పులూ పుచ్చుకోలేదని ఆ గ్రంథం చెబుతుంది. ఆదికాండం 14లో అబ్రాహాము సొదొమ రాజు దగ్గర నూలుపోగైనా, చెప్పుల వారైనా తీసుకోనని చేయెత్తి ప్రమాణం చేయడం గుర్తొస్తుంది. నాకు చెప్పుల పాఠమే నచ్చుతుంది. అవినీతి ఎప్పుడూ ఎద్దుతో మొదలుకాదు. చెప్పుల జతతో, పండుగకు వచ్చిన స్వీటు పెట్టెతో మొదలవుతుంది.

కొడుకులు మీ దగ్గరే ఉన్నారు

ప్రశ్నకు ముందు సమూయేలు ఒక మాట అన్నాడు, దాన్ని చాలామంది వ్యాఖ్యాతలు తొందరగా దాటేస్తారు. తాను ముసలివాడినయ్యానని చెబుతూ, తన కొడుకులు మీ మధ్యనే ఉన్నారన్నాడు. అంతే. ముందూ వెనకా ఏమీ లేదు. కానీ నాలుగు అధ్యాయాల కిందటే పాఠకుడు చదివాడు: యోవేలు, అబీయా అనే ఆ కొడుకులను బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా నియమించింది సమూయేలే. వాళ్లు తండ్రి దారిన నడవలేదు. డబ్బుకు లొంగి లంచాలు ‘తీసుకున్నారు’, తీర్పులు తారుమారు చేశారు. ఇక్కడా క్రియ ‘లాకఖ్’. జనం రాజు కావాలని అడిగినప్పుడు, సమూయేలు ముసలితనంతో పాటు చెప్పిన కారణం ఈ కొడుకులే.

ఇక గిల్గాలులో ఆ మాటకు అర్థం ఏమిటి? వాళ్లనూ విచారించుకోండి అని అప్పగించడమా? వాళ్లు ఇప్పుడు మీలాంటి మామూలు మనుషులే, పదవిలో లేరు అని చెప్పడమా? లేక వయసు గుర్తుచేసేందుకు అన్న మాటేనా? మూలం తేల్చదు. జనం సమూయేలు చేతులు శుభ్రమన్నారు, దేవుణ్ణీ కొత్త రాజునూ సాక్షులుగా ఒప్పుకున్నారు. కొడుకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏలీ తన కొడుకులను అదుపు చేయనందుకు అతని ఇంటిమీదికి రాబోయే తీర్పును ఆ రాత్రి దేవుడి నోట విన్నది చిన్నవాడైన సమూయేలే. అదే సమూయేలు తన కొడుకుల దగ్గరికి వచ్చేసరికి ఏలీ స్థానంలోనే నిలబడ్డాడు. గ్రంథకర్త దీన్ని ఎత్తిచూపడు, దాచనూ దాచడు. రెండు దృశ్యాలనూ పక్కపక్కన ఉంచి ముందుకు సాగిపోతాడు. నా దృష్టిలో బైబిలు నిజాయితీ అంటే ఇదీ. సమూయేలు యథార్థత నిజం, దానికి ఒక పగులుందన్నదీ నిజం.

మార్టిన్ నోత్ 1943లో వెలువరించిన అధ్యయనంలో ఈ ప్రసంగాన్ని న్యాయాధిపతుల యుగానికి ముగింపు గుర్తుగా చూపించాడు. యెహోషువ చివరి ప్రసంగం, సొలొమోను ఆలయ ప్రార్థన కూడా అలాంటి మైలురాళ్లేనన్నాడు. చరిత్ర కూర్పు గురించి ఆ పరిశీలన విలువైనదే. కాకపోతే మిగతా రెండింటిలో లేనిది ఇక్కడొకటి ఉంది. మాట్లాడేవాడు తనమీద సాక్ష్యం చెప్పమని వినేవాళ్లను అడుగుతాడు. ఇక్కడి హీబ్రూ క్రియ, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న పది ఆజ్ఞల్లోని క్రియే, న్యాయస్థానపు పదం. మన ఆదివారపు కూడికల్లో ‘సాక్ష్యం’ అంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం. నాయకుడు ఎదురుగా కూర్చుని, నామీద సాక్ష్యం చెప్పండి అన్న కూడిక నాకు గుర్తులేదు.

‘సాత్వికుడు’ అనే మాట దగ్గర

సంఖ్యాకాండం 12వ అధ్యాయం మోషేను భూమ్మీది మనుషులందరికంటే ‘అనావ్’ అంటుంది. వంగినవాడు, అణగినవాడు అనే భావం ఉన్న ధాతువు అది. తెలుగు అనువాదకులు ‘సాత్వికుడు’ అనే పదం ఎంచుకున్నారు. అందమైన పదమే, కానీ దాని వెంట సత్త్వగుణం మొత్తం నడిచి వస్తుంది: ప్రశాంతత, కోపం లేకపోవడం, సౌమ్యమైన మాట. రజోగుణం అంటని మనిషి. తెలుగు పాఠకుడు ఆ మాట చదవగానే కళ్లు అరమోడ్చిన ఒక ఋషి బొమ్మ కట్టుకుంటే అది అతని తప్పు కాదు.

నాలుగు అధ్యాయాలు దాటితే అదే మోషే మహాకోపంతో కనిపిస్తాడు. దాతాను, అబీరాము అతను పిలిస్తే రామన్నారు, జనం మీద దొరతనం చేస్తున్నావన్నారు. మోషే మండిపడి దేవుడితో మొరపెట్టుకున్నాడు: వీళ్ల దగ్గర ఒక్క గాడిదనైనా తీసుకోలేదు, ఒక్కడికైనా హాని చేయలేదు. (ఇక్కడి హీబ్రూ క్రియ వేరే, లాకఖ్ కాదు.) గ్రీకు అనువాదకులు ‘గాడిద’ను ‘కోరదగిన వస్తువు’గా మార్చారు. యూదుల తాల్మూదులో మెగిల్లా భాగం, టోలెమీ రాజు కోసం పెద్దలు కావాలని చేసిన మార్పుల్లో దీన్నొకటిగా లెక్కపెట్టింది. గాడిద కాకపోతే ఇంకేదైనా తీసుకున్నాడేమో అని ఎవరూ అనుకోకుండా తలుపు మూశారన్నమాట.

కాబట్టి మోషే ‘అనావ్’ అయింది కోపం రాకపోవడం వల్ల కాదు. 12వ అధ్యాయంలో అక్క మిర్యాము, అన్న అహరోను తనమీద మాట్లాడినప్పుడు అతను తనకోసం నోరు విప్పలేదు; మిర్యాముకు కుష్ఠు వచ్చినప్పుడు ఆమె కోసం విప్పాడు. 16లో తన చేతుల లెక్క అడిగినప్పుడు గాడిదల వరకూ దిగి మాట్లాడాడు. పెద్ద పదవిలో ఉన్నవాడు గాడిదల లెక్క చెప్పడానికి చిన్నతనం అనుకోలేదు. ‘సాత్వికుడు’ అనే పదం మార్చమని అనను, అది ఇప్పుడు మన నాలుకలమీద పాతుకుపోయిన పదం. దాన్ని బోధించేటప్పుడు 12ను 16తో కలిపి చదవాలంటాను.

తప్పు ఒప్పుకున్న ఇద్దరు

తీసుకోనివాడి వినయం ఒక రకం. తీసుకుని దొరికిపోయినవాడి సంగతేమిటి? ఇక్కడ సౌలును, దావీదును పక్కపక్కన పెట్టి చూడటం మామూలే గనక పొడిగించను. అమాలేకీయుల మీద గెలిచాక సౌలు కర్మెలులో తనకోసం జ్ఞాపకచిహ్నం నిలబెట్టుకున్నాడు. సమూయేలు వచ్చేసరికి, హతం చేయాల్సిన గొర్రెల అరుపులు చెవిన పడుతున్నాయి. సౌలు పాపం చేశానన్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి వెంటనే ఒక కోరిక జోడించాడు: పెద్దల ముందు, జనం ముందు నా మర్యాద కాపాడు. దావీదు బత్షెబను తెప్పించుకున్న చోట మళ్లీ ‘లాకఖ్’ ఉంది, నాతాను చెప్పిన కథలో ధనికుడు పేదవాడి గొర్రెపిల్లను పట్టుకున్న చోటా ఉంది, ఊరియా భార్యను నీ భార్యగా తీసుకున్నావన్న తీర్పులోనూ ఉంది. సమూయేలు హెచ్చరించిన రాజు పద్ధతి ఇదే. దావీదు జవాబు హీబ్రూలో రెండే రెండు మాటలు, యెహోవాకు విరోధంగా పాపం చేశానని. వాటికి కోరిక ఏదీ అతకలేదు. 78వ కీర్తన దావీదుకు ఇచ్చే యథార్థహృదయం అనే బిరుదును ఆ తర్వాత కూడా అతని దగ్గర ఉండనిచ్చిన రచయితలు ఊరియా సంగతిని మినహాయింపుగా రాజుల మొదటి గ్రంథం 15లో నమోదు చేసిపెట్టారు. దినవృత్తాంతాల గ్రంథం మాత్రం బత్షెబ కథను వదిలేసింది. నాయకుల జీవితచరిత్రలు రాసే మనవాళ్లలో ఎక్కువమంది దినవృత్తాంతాల దారే పట్టారు.

పనివాడి ప్రశ్న

షిలోహులో కొంకి పట్టుకుని వచ్చింది యాజకుడు కాదు, అతని పనివాడు. హీబ్రూలో ‘నఅర్’; కుర్రవాడు, సేవకుడు, సహాయకుడు అన్న అర్థాలన్నీ ఉన్నాయి. ఈ మాటను కూడా గుర్తుపెట్టుకుని రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయానికి వెళితే ఎలీషా నఅర్ గేహజీ ఎదురవుతాడు.

సిరియా సేనాపతి నయమాను పది తలాంతుల వెండి, ఆరువేల తులాల బంగారం, పది జతల బట్టలు వెంట తెచ్చాడు. స్వస్థత పొందాక ఎంత బతిమాలినా ఎలీషా తీసుకోలేదు. గేహజీకి అది నచ్చలేదు. పరుగెత్తి ఏదో ఒకటి తీసుకుంటాననుకున్నాడు. యజమాని పేరుమీద, వచ్చిన అతిథుల కోసమంటూ ఒక తలాంతు, రెండు జతల బట్టలు అడిగాడు. నయమాను రెండు తలాంతులు ఇచ్చి, మోయడానికి ఇద్దరు మనుషులనూ పంపాడు. గేహజీ సరుకు ఇంట్లో దాచి వచ్చి, ఎక్కడికీ వెళ్లలేదన్నాడు. ఎలీషా మందలింపులో ‘తీసుకోవడం’ మళ్లీ రెండుసార్లు వినిపిస్తుంది. అతను చదివిన జాబితా చూడండి: ఒలీవతోటలు, ద్రాక్షతోటలు, గొర్రెలు, ఎద్దులు, దాసదాసీలు. గేహజీ అడిగింది వెండి, బట్టలు. తోటలూ దాసులూ ఎక్కడినుంచి వచ్చాయి? సమూయేలు రాజు గురించి చెప్పిన జాబితాలోంచి. ప్రవక్త ఇంటి గుమ్మం దగ్గర రాజుగారి పద్ధతి మొలకెత్తిందని ఎలీషా గుర్తుపట్టాడు.

ఎలీషాకు ఈ అధ్యాయం ఇచ్చే బిరుదు ‘దైవజనుడు’. నేడు తెలుగు సంఘాల్లో కాపరులకు అది గౌరవవాచకం, బ్యానర్ల మీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ బిరుదు తీసుకున్నవారు దానితోపాటు నయమాను పెట్టెను తిప్పిపంపిన కథను, తన ఇంటి మనిషిని నిలదీసిన కథను కూడా తీసుకోవాలి కదా. చర్చి లోపలే కాదు, కచేరీల్లో కూడా మనకు తెలిసిన సంగతే: అధికారి మంచివాడే, బయట బల్ల దగ్గర కూర్చున్నవాడితోనే పని.

నెహెమ్యా వంటశాల

యూదా దేశానికి క్రీ.పూ. 445లో అధిపతిగా వచ్చిన నెహెమ్యా అంతకుముందు షూషను కోటలో అర్తహషస్త రాజుకు పానదాయకుడు. గోడ 52 రోజుల్లో ముగించిన కార్యదక్షుడిగా అతన్ని నాయకత్వ శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. నాకు గోడకంటే 5వ అధ్యాయం ముఖ్యం.

గోడ పని నడుస్తుండగా జనం, ఆడవాళ్లతో సహా, మొరపెట్టారు. పొలాలూ తోటలూ ఇళ్లూ తాకట్టులో ఉన్నాయి. రాజు పన్ను కట్టడానికి అప్పు చేశారు. కూతుళ్లు కొందరు అప్పటికే దాస్యంలో ఉన్నారు. అప్పిచ్చినవాళ్లు పరాయివాళ్లు కాదు, సాటి యూదులు. నెహెమ్యా ప్రధానులను గద్దించి సభ పెట్టాడు. ఆ సభలో అతను చెప్పిన ఒక మాట అందరికీ తెలియాల్సినది: నేనూ, నా బంధువులూ, నా పనివాళ్లూ కూడా వీళ్లకు డబ్బూ ధాన్యమూ అప్పిచ్చాం, ఇక మానేద్దాం. వడ్డీ పుచ్చుకున్నాడా, తాకట్టుమీద ఇచ్చాడా అన్నది హీబ్రూ పదంలో స్పష్టంగా లేదు. కానీ దోషుల వరసలో తన పేరూ, తన ‘నఅర్’ల పేరూ అతనే చేర్చాడు. తర్వాత పొలాలూ తోటలూ, నూటికొకటి చొప్పున వసూలు చేసిందీ తిరిగి ఇమ్మన్నాడు. యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు. తన ఒడి దులిపి, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలా దులిపేయాలన్నాడు.

తర్వాత లెక్క. అర్తహషస్త 20వ ఏటినుంచి 32వ ఏటివరకూ, 12 ఏళ్లు, తానూ తన బంధువులూ అధిపతి భోజనభత్యం తినలేదన్నాడు. ముందున్న అధిపతులు జనం దగ్గర రొట్టె, ద్రాక్షారసం, పైగా నలభై తులాల వెండి తీసుకున్నారు. (తీసుకోవడం: లాకఖ్.) ఆ నలభై ఏ గడువుకో మూలం సరిగ్గా చెప్పదు, లాటిను వుల్గాటా రోజుకు అని చదివింది. అది చెప్పాక నెహెమ్యా కలిపిన మాటలో ఈ వ్యాసం రెండో ప్రశ్న ఉంది: వాళ్ల పనివాళ్లు కూడా జనం మీద పెత్తనం చేశారు. తన పనివాళ్లో? వాళ్లంతా గోడ పనిలో ఉన్నారు, తాము భూములు కొనలేదు. ఒకే ‘నఅర్’ అనే మాట మూడు పాత్రల్లో వచ్చింది: అప్పిచ్చిన పనివాళ్లు, పెత్తనం చేసిన పనివాళ్లు, రాళ్లు మోసిన పనివాళ్లు.

అతని బల్ల దగ్గర రోజూ 150 మంది యూదులూ అధికారులూ, చుట్టుపక్కల దేశాలనుంచి వచ్చినవాళ్లూ తినేవారు. రోజుకు ఒక ఎద్దు, ఆరు మేలైన గొర్రెలు, కోళ్లు, పది రోజులకోసారి రకరకాల ద్రాక్షారసం. ఈ వివరాలు రాసిన మనిషికి వంటశాల పద్దు కంఠతా వచ్చు. ఇంత ఖర్చు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడు. రాజాస్థానంలో సంపాదించుకున్నవాడన్న ఊహ సహజం. అంటే భత్యం వదులుకోవడం కలిగినవాడికి సాధ్యమైన త్యాగం. పేద నాయకుడికి దీన్ని ఆదర్శంగా చూపించి జీతం మానుకోమనడం అన్యాయం. గ్రామ సంఘాల్లో కాపరుల జీతాల దగ్గర ఈ అధ్యాయాన్ని అలా వాడేవాళ్లున్నారు. ఆ భారం జనం మీద ఎక్కువగా ఉన్నందువల్ల తాను అడగలేదని నెహెమ్యాయే కారణం చెప్పాడు. భత్యం పాపమని అతను అనలేదు.

అతని కాలపు పాలన ఎలా నడిచేదో ఈజిప్టులోని ఎలిఫాంటైన్ దీవి పపైరసులు కొంత చూపిస్తాయి. అక్కడి యూదుల ఆలయం క్రీ.పూ. 410లో ధ్వంసమైంది. 407లో వాళ్లు యూదా అధిపతి బగోహీకి ఉత్తరం రాశారు. అదే వ్యవహారానికి చెందిన మరో పత్రంలో ఐదుగురు సంఘ పెద్దలు, ఆలయం మళ్లీ కట్టుకోనిస్తే తమ ప్రభువు ఇంటికి వెండినీ, వెయ్యి అర్దబుల బార్లీనీ ఇస్తామని రాసుకున్నారు. ఆ ప్రభువు ఎవరన్నది పత్రం పేరుపెట్టి చెప్పదు. రాసినవాళ్లకు అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించలేదు. అలాంటి లోకంలో నెహెమ్యా ‘తినలేదు’ అన్నది చిన్న మాట కాదు.

మరి వినయం? అధ్యాయం చివర నెహెమ్యా, తాను ఈ జనానికి చేసినదంతా మేలుకోసం గుర్తుంచుకొమ్మని దేవుణ్ణి అడుగుతాడు. గ్రంథంలో ఈ విన్నపం పలుమార్లు వస్తుంది. బైబిలు పండితుల్లో మొవింకెల్ ఈ జ్ఞాపకాలను ప్రాచీన రాజుల శాసనాలతో, వాన్ రాడ్ ఈజిప్టు అధికారుల ఆత్మకథా శాసనాలతో పోల్చారు. పర్షియా రాజులను సేవించిన ఈజిప్టు అధికారి ఉజాహోర్రెస్నెట్ ప్రతిమ వాటికన్‌లో ఉంది. దానిమీద అతను తన మంచి పనులన్నీ చెక్కించి, దేవతలను గుర్తుంచుకోమన్నాడు. పోలిక కాదనలేం. నెహెమ్యా తన గురించి తాను రాసుకున్నాడు, గర్వం వాసన కొంచెం వస్తుంది. 13వ అధ్యాయంలో జనాన్ని కొట్టి వెంట్రుకలు పెరికిన మనిషి ఇతనే, సౌమ్యత అతని సుగుణాల్లో లేదు. అయినా నా తీర్పు అతని పక్షమే. తేడా అతను పెట్టిన ఏర్పాట్లలో ఉంది. గిడ్డంగి భాగాలు పంచడానికి అతను ఒక యాజకుణ్ణి, ఒక శాస్త్రిని, ఒక లేవీయుణ్ణి నియమించి, ఇంకొకణ్ణి సహాయకుడిగా ఇచ్చాడు. ఒకే వర్గం చేతిలో తాళం పెట్టలేదు.

సంచి, సోదరుడు

‘సేవక నాయకత్వం’ అనే మాటకు ఇప్పుడు మూలంగా అందరూ యోహాను 13లో యేసు శిష్యుల పాదాలు కడగడాన్ని చూపిస్తారు. నిజానికి ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసంతో. అతనికి ఆ ఆలోచన ఇచ్చింది హెర్మన్ హెస్సె నవల. అది అలా ఉంచితే, పాదాలు కడిగిన ఆ గదిలో డబ్బు సంచి కూడా ఉంది. అది యూదా ఇస్కరియోతు దగ్గరుంది. అతను అందులోంచి దొంగిలించేవాడని ఒక అధ్యాయం ముందే యోహాను రాశాడు. అతను లేచి వెళ్లినప్పుడు పండుగ సరుకులు కొనడానికో, పేదలకు ఇవ్వడానికో అని మిగతావాళ్లు అనుకున్నారు. పళ్లెం, తువాలు మీద ప్రతి ఏడూ పవిత్ర గురువారం ప్రసంగాలు వింటాం. అదే బల్ల దగ్గరున్న సంచి గురించి వినం.

దాని గురించి ఆలోచించినవాడు పౌలు. యెరూషలేము పేదల కోసం మాసిదోనియ, అకయ సంఘాల్లో చందా పోగుచేశాడు. ఇచ్చినవాళ్లలో మాసిదోనియవారు నిరుపేదలు. మన పల్లె సంఘాల్లో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం దేవునికి పక్కన పెట్టే తల్లులను ఎరిగినవాళ్లకు ఆ డబ్బు బరువు ఎంతో చెప్పనక్కర్లేదు. డబ్బు మోసుకెళ్లే మనుషులను మీరే ఎంచుకోండి అని పౌలు కొరింథు వారికి మొదటి పత్రికలో రాశాడు. రెండవ పత్రిక 8వ అధ్యాయంలో తీతుతోపాటు మరో సోదరుణ్ణి పంపుతున్నానన్నాడు. అతన్ని సంఘాలు ఎన్నుకున్నాయి. అక్కడి గ్రీకు పదానికి మూలార్థం చేయెత్తి ఎన్నుకోవడం. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమమీద ఎవరూ వేలెత్తి చూపకూడదనీ, దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సక్రమంగా ఉండాలనీ కారణం చెప్పాడు. ‘దేవుడికి తెలుసు, చాలు’ అనే మాటతో మనవాళ్లు లెక్కల పుస్తకం మూసేసే చోట పౌలు తెరిచాడు.

అయినా అనుమానం రానే వచ్చింది. పౌలు తాను డబ్బు అడగకుండా తెలివిగా తన మనుషుల ద్వారా గుంజుతున్నాడని కొరింథులో కొందరు అనుకున్నట్టు 12వ అధ్యాయం సూచిస్తుంది. పౌలు జవాబు ప్రశ్నల రూపంలో ఉంది: నేను పంపినవాళ్లలో ఎవరి ద్వారానైనా మిమ్మల్ని దోచుకున్నానా? తీతు మిమ్మల్ని మోసగించాడా? గిల్గాలులో సమూయేలు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇదే. మిలేతులో ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పినప్పుడు పౌలు సమూయేలులాగే తన చేతులు చూపించాడు, ఎవరి వెండినీ బంగారాన్నీ బట్టలనూ ఆశించలేదన్నాడు. కొరింథు వారి దగ్గర మాత్రం ఇంకో అడుగు వేసి, తన కొడుకులాంటివాళ్ల చేతులు కూడా చూడమన్నాడు.

తెలుగు సంఘాల వార్షిక సమావేశాల్లో లెక్కలు చదివే ముందు కాపరీ, కమిటీ పెద్దలూ సమూయేలు మొదటి గ్రంథం 12నూ కొరింథీయుల రెండవ పత్రిక 12నూ కలిపి చదివితే బాగుంటుంది. చదివాక, కూర్చున్నవాళ్లకు మాట్లాడే సమయం ఇవ్వాలి.

పౌలు తీతుతోపాటు పంపిన ఆ సోదరుడు లూకా అని కొందరు, బర్నబా అని కొందరు పాతకాలంనుంచి ఊహిస్తూ వచ్చారు. సంఘాలన్నిటిలో అతనికి మంచి పేరుందని పౌలు రాశాడు. ఆ పేరేమిటో రాయలేదు.